తోజి సంతలో కొన్న మాసికల ఫుతోన్ గుడ్డ: ఉతకొచ్చా? ఏ వైపు వేలాడదీయాలి?

ఒసాకా_కోడలు (ఆదివారం, రాత్రి 9:40)

నమస్కారం అండీ. క్యోటోలో తోజి గుడి ఆవరణలో ప్రతినెలా 21వ తారీఖున పెద్ద సంత జరుగుతుంది. మొన్న అక్కడ ఒక పాత ఫుతోన్ గుడ్డ కొన్నాను. ఫుతోన్ అంటే నేల మీద పరిచే పరుపు. లోపలి దూది తీసేసి, తొడుగు విప్పదీసిన గుడ్డ ఇది. నాలుగు సన్నటి పట్టీలు నిలువుగా కలిపి కుట్టారు. ఒక్కో పట్టీ 32 సెంటీమీటర్ల వెడల్పు. ముదురు నీలం, మధ్యలో గోధుమరంగు చారలు. రెండు చోట్ల ఇకత్‌లో నేసిన తెల్లటి ప్లస్ గుర్తులున్నాయి. ఒక వైపు చూస్తే మామూలు పాత బట్ట. తిరగేస్తే మాసిక మీద మాసిక. కొన్నిచోట్ల తడిమితే నాలుగు పొరలు తగులుతున్నాయి.

అమ్మినాయన "బోరో, మేజీ కాలం" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. (బోరో అంటే మాసిక మీద మాసిక వేసి వాడిన పాత గుడ్డ, మేజీ కాలం అంటే 1868–1912.) ఎంత పాతదో తెలుసుకునే దారి ఉందా? కొంచెం ముక్కవాసన వస్తోంది, ఉతకొచ్చా? గోడకి వేలాడదీస్తే ఏ వైపు కనబడాలి? ఒక మూల కొత్తగా చిరిగింది, దాన్ని కుట్టాలా వదిలేయాలా? ఫొటోలు కింద పెట్టాను.

మా ఆయన మాత్రం "ఈ డబ్బుకి కొత్త దుప్పట్లు పది వచ్చేవి" అని ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

గోదారి_గట్టు (రాత్రి 10:05)

నేను మీ వారి పక్షం. మా ఊళ్లో ఇలాంటివి పశువుల కొట్టంలో ఉండేవి, ఎవరూ ఫొటో తియ్యలేదు.

సాయి_0409 (రాత్రి 10:11)

ఇది కింత్సుగి, వాబిసాబి (పాతదనంలో, లోపంలో అందం చూడటం) లాంటిదే కదా? విరిగినదాన్ని బంగారంతో అతికించి అందంగా చేయడం?

హిరోసాకి_మంచు (రాత్రి 11:32)

సాయి గారూ, కాదండీ. కింత్సుగిలో లక్కతో అతికి బంగారం పొడి అద్దుతారు. అది టీ వేడుకలు జరిపే గదుల్లో, డబ్బున్నవాళ్ల మధ్య పెరిగిన పని. విరిగిన చోటు కనబడాలనే చేస్తారు. బోరో కుట్టిన మనిషికి అలాంటి ఉద్దేశమేదీ లేదు. చలికి చచ్చిపోకూడదు, అంతే.

నేను చదువుకుంటున్నది అవోమోరి జిల్లాలో, జపాన్ ప్రధాన దీవికి ఉత్తరం కొసన. ఇక్కడి వేసవి చిన్నది, పత్తి పండదు. అందుకని పల్లె జనం గంజాయి జాతి మొక్క కాండం నుంచి తీసిన నారతో బట్టలు నేసుకునేవాళ్లు. నార బట్ట నేతలో సందులు ఎక్కువ, గాలి లోపలికి కొడుతుంది. మంచు మనిషెత్తు పడే ఊళ్లో ఆ బట్టతో ఎలా బతుకుతారు? దానికితోడు 1724లో త్సుగారు సంస్థానం రైతులు నూలు బట్ట కట్టకూడదని ఆంక్ష పెట్టింది. ఆడవాళ్లు సంపాదించిన కాస్త తెల్ల నూలు దారాన్నే నార బట్ట మీద వరస వరసగా కుట్టి ఆ సందులు పూడ్చారు. పోగులు లెక్కపెట్టి కుట్టడం వల్ల వజ్రాకారపు డిజైన్లు వచ్చాయి. త్సుగారు వైపు దీన్ని కొగిన్ అంటారు, బేసి సంఖ్యలో పోగులు లెక్కిస్తారు. పక్కనే ఉన్న నంబు వైపు సరి సంఖ్య లెక్క, అక్కడ పేరు హిషిజాషి. సరి లెక్కలో వజ్రం అడ్డంగా సాగుతుంది, బేసి లెక్కలో నిలువుగా నిలబడుతుంది. పాత బట్ట చేతికిస్తే ఏ వైపుదో ఇక్కడి ముసలమ్మలు చటుక్కున చెప్పేస్తారు.

నూలు బట్ట ముక్కలు మాత్రం ఓడల్లో వచ్చేవి. ఒసాకా నుంచి జపాన్ సముద్రం మీదుగా ఉత్తరానికి తిరిగే కితామాయె ఓడలు తెచ్చే సరుకుల్లో వాడేసిన బట్టలు, గుడ్డపేలికలు కూడా ఉండేవి. పట్నంవాళ్లు విడిచిన గుడ్డ ఇక్కడ డబ్బు పెట్టి కొనే సరుకు. 1891లో రైలు అవోమోరి దాకా వచ్చాక నూలు చవకైంది, కొగిన్ కుట్టడం మెల్లగా పోయింది. మాసికలు వేయడం మాత్రం చాలా ఇళ్లల్లో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కూడా సాగింది.

కోడలు గారూ, బోరో అనగానే అవోమోరిదే అనుకోనక్కర్లేదు. పేద పల్లె ఉన్న ప్రతిచోటా ఇవి ఉండేవి. మీది ఎక్కడిదో అమ్మినాయన్ని మళ్లీ అడగండి. ఏ జిల్లా, అదే ఇంటి నుంచి ఇంకేం వచ్చాయి అన్నది కాలం పేరు కన్నా ఎక్కువ చెబుతుంది.

గోదారి_గట్టు (సోమవారం, ఉదయం 7:15)

మంచు గారూ, బాగా రాశారు. కానీ మీరు రాసినదంతా నా మాటకే బలం. ఆంక్ష పెట్టింది ప్రభువు, చలికి వణికింది రైతు. ఇప్పుడు ఆ చింకి గుడ్డ ముందు నిలబడి "ఆహా, ఏం నీలం" అనడం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఆ గుడ్డ కుట్టినావిడ బతికుంటే సిగ్గుతో దాచేసి ఉండేది.

హిరోసాకి_మంచు (ఉదయం 8:02)

దాచేశారండీ, నిజంగానే. చాలా ఇళ్లల్లో కాల్చేశారు కూడా. ఇక్కడ తనాకా చూజబురో అనే పరిశోధకుడు ఉండేవారు (1933–2013). 1960ల నుంచి ఊరూరా తిరిగి ఈ బట్టలు సేకరించారు. జానపద కళల గురించి దేశమంతా మాట్లాడిన యనాగి సోయెత్సు లాంటి పెద్దలు కొగిన్ డిజైన్లను మెచ్చుకున్నారు గానీ, అతుకుల గుడ్డల జోలికి పెద్దగా రాలేదు. తనాకా గారు వాటినే వెతికారు. ఆయన సేకరణలోని త్సుగారు, నంబు కుట్టుపని బట్టలు 786 వస్తువులను 1983లో జపాన్ ప్రభుత్వం ముఖ్యమైన జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 2009 నుంచి 2019 దాకా తోక్యోలో అసాకుసా దగ్గర ఒక మ్యూజియంలో ఆయన బోరోలు ఉండేవి. అక్కడ ముట్టుకోనిచ్చేవాళ్లు.

ఆ సేకరణలో నాకు మరిచిపోలేనివి రెండు. ఒకటి దోంజా, పడుకునేటప్పుడు కప్పుకునే చేతులున్న బొంత. నార పీచు, పేలికలు కూరి కూరి పది కిలోలు దాటేది. రాత్రి ఇంటిల్లిపాదీ బట్టలు విప్పేసి, ఒంటి వేడి ఒకరిది ఒకరికి తగిలేలా దాని కింద దూరేవాళ్లు. రెండోది బోదోకో, తరతరాల గుడ్డముక్కలు అతికిన పక్కగుడ్డ. కాన్పు దాని మీదే జరిగేది. బిడ్డ భూమ్మీద పడగానే తగిలేది తాతమ్మల బట్ట.

మీ ఇబ్బంది న్యాయమే. కానీ ముందు నిలబడి చూడకపోతే ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి?

బొంత_పిన్ని (ఉదయం 10:48)

ఇంత చదివాక ఊరుకోలేక రాస్తున్నా. నేను పాత చీరలతో బొంతలు కుడతాను, అమ్ముతాను కూడా. కోడలమ్మా, నీ మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు కుట్లు పొట్టిగా, దగ్గరగా, పేక పోగు వెంట తిన్నగా వెళ్లాయి. కుడివైపు పైమూల కుట్లు పొడుగ్గా, కాస్త వాలుగా ఉన్నాయి. నా లెక్కన రెండు చేతులు. లేకపోతే ఒకే మనిషి వయసులో ఉన్నప్పుడు ఒకటి, చూపు మందగించాక ఇంకోటి.

ఇంకోటి గమనించు. మాసిక అంచులు లోపలికి మడిచిన చోట అది ఎప్పటికప్పుడు వేసిన అతుకు. మడవకుండా పచ్చి అంచు వదిలి చుట్టూ వరసలు కుట్టిన చోట కింద గుడ్డ అప్పటికే పోయింది, మడతకి పట్టు లేదు. నేనూ అంతే చేస్తాను. గోదారి అన్నా, సిగ్గు సంగతి సరే. చేతిలో ఉన్న ఆరు పేలికల్లో ఏది ఎక్కడ వేయాలో ఆవిడ ఆలోచించింది కదా. నీలం పక్కన నీలమే వేసింది, చారల్ని చారలతో కలిపింది. చలి ఒక్కటే అయితే ఆ శ్రద్ధ ఎందుకు?

మ్యూజియం_మూల (మధ్యాహ్నం 1:20)

బట్టల సంరక్షణ నా వృత్తి. అడిగిన ప్రశ్నలకి వస్తాను.

ఏ వైపు? ఫుతోన్ తొడుగులకి మాసికలు ఎక్కువగా లోపలి వైపు, అంటే దూదికి ఆనే వైపు వేసేవాళ్లు. ఇంట్లో ఎవరూ చూడని వైపు అది. ఇప్పుడు గ్యాలరీల్లో, వ్యాపారుల దగ్గర మనకి చూపించేది చాలాసార్లు ఆ లోపలి వైపే. పిన్ని గారన్న శ్రద్ధ నాకూ కనిపిస్తోంది, కానీ ఆ రంగుల కూర్పు ప్రదర్శన కోసం కాదని మనసులో పెట్టుకోవాలి. నీలం పక్కన నీలమే ఉండటానికి ఇంకో కారణం, ఇంట్లో ఉన్నదంతా నీలమే. మీరు ఏ వైపు వేలాడదీసినా తప్పు కాదు. కొన్నాళ్లకోసారి మార్చండి, ఎండ ఒక వైపే తినకుండా ఉంటుంది.

ఎంత పాతది? చూసి ఏడాది చెప్పేవాళ్లని నమ్మకండి. అతుకుల గుడ్డకి ఒక వయసు ఉండదు, ప్రతి పొరకీ ఒకటి ఉంటుంది. మరనూలు కనబడితే నకిలీ అని కొందరంటారు. మేజీ కాలానికే అక్కడ నూలు మిల్లులు వచ్చేశాయి కాబట్టి అది తేల్చదు. నీలం చూసి కూడా తేల్చలేం. కృత్రిమ నీలిమందు 1897లో జర్మనీ నుంచి మార్కెట్లోకి వచ్చింది, దాని అణువు ఆకు నుంచి తీసిన నీలి అణువే. చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేసి చూడండి. కుట్టు దారం నీలంగా తెల్లగా మెరిస్తే దాంట్లో తెలుపుమందు ఉన్నట్టు, అది యుద్ధం తర్వాతి సంగతి. కానీ గుడ్డంతా మెరిస్తే ఎవరో ఈమధ్య డిటర్జెంట్‌తో ఉతికారని కూడా అర్థం కావచ్చు.

నేను ముందు చూసేది మాసిక కింద. ఊడిన మూల దగ్గర మెల్లగా ఎత్తి చూడండి. కింద గుడ్డ పైదాని కన్నా ముదురుగా ఉంటే, ఆ మాసిక గుడ్డ వెలిసిపోకముందే పడింది, తర్వాత ఏళ్ల తరబడి దాన్ని కాచింది. కింద కూడా పైలాగే వెలిసి ఉండి, అతుకు మాత్రం కొత్త దారంతో ఉంటే అనుమానించాలి. ఈమధ్య పాత ముక్కలు తెచ్చి కొత్తగా "బోరో" కుట్టి అమ్మేవాళ్లు తక్కువేం లేరు.

ఉతకడం: వద్దు. నీలిరంగు నీళ్లలో పోదు, భయం దాని గురించి కాదు. తడిసిన గుడ్డ బరువుకి పాత పోగులు తెగుతాయి. పైగా ఒక్కో ముక్క ఒక్కో రకంగా కుంచించుకుంటుంది, గుడ్డంతా ముడతలు పడి కుట్లు లాగేస్తాయి. వాసనకి నీడలో గాలికి ఆరబెట్టండి, చాలు. దుమ్ముకి సన్నటి నెట్ పరిచి, వాక్యూమ్ తక్కువ స్పీడ్‌లో పెట్టి పై నుంచి తీయండి. పురుగు అనుమానం ఉంటే పాలిథీన్‌లో గాలి లేకుండా చుట్టి ఇంటి ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. నాఫ్తలీన్ ఉండలు వద్దు.

పడుగు_పేక (మధ్యాహ్నం 3:55)

మాది పుట్టపాక, నేతపని ఇల్లు. ప్లస్ గుర్తులు చూడగానే ఆగిపోయాను. జపాన్‌లో ఇకత్‌ని కసురి అంటారు. ఈ నీలం మీద తెల్ల ప్లస్ వాళ్ల పల్లె బట్టల్లో చాలా మామూలు. రెండో ఫొటోలో ప్లస్ నాలుగు కొసలూ కొంచెం జరిగి, పొగ పట్టినట్టు ఉన్నాయి చూడండి. పడుగు, పేక రెండూ ముందే కట్టి రంగు వేసి, నేతలో ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టారు. మా తేలియా రుమాళ్లకి (మా ఊళ్లో నేసే చదరపు ఇకత్ గుడ్డలు) చేసేదీ అదే. ఒక్క పోగు అటూఇటూ అయితే చదరం చెదురుతుంది. అంత కష్టపడి నేసిన గుడ్డ చివరికి అతుకుగా మిగిలిందంటే, అది ముందు ఎవరిదో పండగ బట్ట అయ్యుంటుంది.

సన్న పట్టీల సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ల బట్ట తాను దాదాపు 36 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు. కిమోనోకి దాన్ని తిన్నగానే కోస్తారు, గుండ్రంగా ఎక్కడా కత్తెర పెట్టరు. అందుకే ఉతకాలన్నా కుట్లన్నీ విప్పేసి, మళ్లీ తానులా కలిపి ఉతికి, గంజి పెట్టి సాగదీసి ఆరబెట్టి, తిరిగి కుట్టేవాళ్లు. విప్పిన ప్రతిసారీ అరిగిన చోటు లోపలికి, బాగున్న చోటు పైకి మార్చుకోవచ్చు. పెద్దల కిమోనో పిల్లల కిమోనో అవుతుంది, తర్వాత ఫుతోన్ తొడుగు, తర్వాత మాసిక. మాసికకీ పనికిరాకపోతే పేలికలుగా చించి, వాటినే పేకగా వేసి మళ్లీ నేస్తారు. ఆ నేత పేరు సాకిఓరి. ఎర్ర కందులంత గింజలు మూడు చుట్టడానికి సరిపోయే గుడ్డ ఉంటే పారేయొద్దని అక్కడ సామెత.

కాస్త పక్కదారి: జపాన్ పాత చరిత్ర గ్రంథాల ప్రకారం 799లో మికావా తీరానికి ఒక యువకుడు పడవలో కొట్టుకొచ్చాడు. దగ్గర పత్తి విత్తనాలున్నాయి. మాట నేర్చుకున్నాక తనది తెంజికు, అంటే మన వైపు దేశం అని చెప్పాడట. ఆ విత్తనాలు దక్షిణ జిల్లాల్లో నాటించారు గానీ నిలవలేదు. పత్తి అక్కడ స్థిరపడటానికి ఇంకో ఏడెనిమిది వందల ఏళ్లు పట్టింది.

గోదారి_గట్టు (సాయంత్రం 6:30)

పత్తి విత్తనాల కుర్రాడి కథ బాగుంది, దీనికి వేరే దారం మొదలుపెట్టండి పడుగు గారూ.

మ్యూజియం_మూల (సాయంత్రం 7:12)

గోదారి గారూ, మీ మాట మీద ఒక సంగతి. ముక్క పారేయకుండా అతకడం పేదల పని మాత్రమే కాదు. మన బందరు వైపు నుంచి డచ్చి ఓడల్లో వెళ్లిన కలంకారీ గుడ్డని జపాన్‌లో సరసా అనేవాళ్లు. టీ పండితులు దాని చిన్న చిన్న ముక్కలతో టీ పాత్రలకి సంచులు కుట్టించుకుని ప్రాణంలా దాచుకున్నారు. అంతకు చాలా ముందు, నారాలోని షోసోఇన్ భాండాగారంలో 8వ శతాబ్దపు చక్రవర్తి షోము అతుకుల కెసా ఉంది. కెసా అంటే బౌద్ధ సన్యాసి కాషాయం. పారేసిన పేలికలు ఏరి కుట్టుకోవాలన్న నియమం మన దేశం నుంచే వెళ్లింది.

గోదారి_గట్టు (సాయంత్రం 7:40)

చక్రవర్తి అతుకుల బట్ట కోరి కట్టాడు. వద్దనుకుంటే పట్టు కట్టుకోగలడు. అవోమోరి ఆవిడకి ఆ దారి లేదు. ఈ రెండింటినీ ఒక గూట్లో పెట్టి "అతుకుల సౌందర్యం" అని బోర్డు పెడితేనే నాకు కోపం. గుడ్డ బాగుందంటే కాదనను. మూడో ఫొటో నేనూ చాలాసేపు చూశాను. పక్కన ఆ 1724 ఆంక్ష కూడా రాసి పెట్టండి. ఇంకా, ఆ ఇంటివాళ్లకి ఎంత ముట్టింది, వ్యాపారికి ఎంత మిగిలింది అన్నది కూడా.

హిరోసాకి_మంచు (సాయంత్రం 8:03)

దీంతో పూర్తిగా ఏకీభవిస్తాను. చివరి వాక్యంతో సహా.

ఒసాకా_కోడలు (మంగళవారం, రాత్రి 9:18)

అందరికీ ధన్యవాదాలండీ. ఇంత వస్తుందనుకోలేదు. చెప్పినవన్నీ చేసి చూశాను.

ఊడిన మూల ఎత్తితే కింద నీలం దాదాపు నల్లగా ఉంది, పైన గుడ్డ బూడిద నీలం. టార్చి వేస్తే ఎక్కువ చోట్ల ఏమీ మెరవలేదు. కుడి పైమూల పిన్ని గారు చెప్పిన పొడుగు కుట్లు మాత్రం తెల్లగా మెరిశాయి! అంటే అది తర్వాతి చేయి. ప్లస్ గుర్తుల ముక్క అంచున పాత కుట్ల రంధ్రాలు వరసగా ఉన్నాయి, వేరే బట్టలో ఉండగా కుట్టినవనుకుంటా.

ఒకటి అర్థం కాలేదు. గోధుమరంగు చారలు పొడిపొడిగా రాలిపోతున్నాయి, పక్కనే నీలం చారలు గట్టిగా ఉన్నాయి. ఒకే గుడ్డ కదా?

మ్యూజియం_మూల (రాత్రి 9:50)

ఆ చారలు ఇనుము, కరక్కాయలాంటి వగరు పదార్థం కలిపి వేసిన రంగు అయ్యుండొచ్చు. ఇనుము నూలుని లోపల నుంచి తినేస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీలో బెల్లం, తుప్పు ఇనుము పులియబెట్టి వేసే నల్ల గీతల వెంట పాత గుడ్డలు చిరగడం కూడా ఇందుకే. దానికి మందు లేదు, తేమ తగలకుండా చూసుకోవడమే. మాసికలు ఎక్కువగా ఆ చారల మీదే ఉన్నాయేమో ఒకసారి చూడండి.

ఒసాకా_కోడలు (రాత్రి 9:58)

అక్కడే ఉన్నాయండీ. దాదాపు అన్నీ.

బొంత_పిన్ని (రాత్రి 10:20)

చూశారా, ఆవిడకి ఇనుము సంగతి తెలియకపోయినా ఏ చార పోతుందో తెలుసు. ముందే వేసిపెట్టింది.

మూల చిరుగు కుట్టెయ్యమ్మా. నీ చేతి మీదుగా ఇంకో మాసిక పడితే ఆ గుడ్డకి వచ్చే నష్టమేం లేదు. సన్న సూది, మెత్తటి నూలు దారం తీసుకో, పాలియెస్టర్ వద్దు, అది పాత పోగుని కోసేస్తుంది. చిరుగు అంచు మీద కాకుండా రెండు వేళ్ల దూరంలో గట్టి గుడ్డ ఉన్నచోట మొదలుపెట్టు. బిగించి లాగకు.

మ్యూజియం_మూల (రాత్రి 10:34)

పిన్ని గారితో నేను సగమే ఒప్పుకుంటాను. చిరుగుని మూయకండి. వెనక ఉతికిన పాత నూలు గుడ్డ పెట్టి, దానికి ఆనేలా నాలుగు వదులు కుట్లు వేయండి. ఎప్పుడైనా తీసేయగలిగేలా ఉండాలి. కుట్టే ముందు ఫొటో తీసి, తేదీ రాసి పెట్టుకోండి.

బొంత_పిన్ని (రాత్రి 10:41)

తీసేయగలిగే కుట్టు కుట్టు కాదు నాయనా. సరే, గుడ్డ ఆ అమ్మాయిది.

ఒసాకా_కోడలు (రాత్రి 11:05)

ప్రస్తుతానికి వెనక గుడ్డ పెట్టి వదులు కుట్లే వేస్తాను. మా ఆయన టార్చి పట్టుకుని మిగతా చారలు లెక్కపెడుతున్నారు. దారం ఏ నంబరు తీసుకోవాలో చెప్పండి పిన్నీ, ఇక్కడి షాపులో 30 నుంచి 100 దాకా ఉన్నాయి.